మొదటిసారి వచ్చినోళ్లు

"చెప్పులు గీడ్నే ఇడువు. లోపటికి పోయినంక కొంగు తలమీద కప్పుకో. అందరు లేస్తే లేవు, కూసుంటే కూసో. నడుమ కానుకల సంచి తిప్పుతరు. వెయ్యాలన్పిస్తే వెయ్యి, లేకుంటె పక్కామెకియ్యి. ఎవ్వరేమనరు," అన్నది రూతమ్మ. చర్చి మెట్ల ముందర ఆటో దిగి, ఎడమచేత్తో గోదావరి భుజం గట్టిగా పట్టుకుని ఉంది.

"కండ్లు మూసుకోవాల్నా?"

"ప్రార్థన చేసేటప్పుడు అందరు మూస్తరు. నువ్వు మూసినవో లేదో ఎవరు సూస్తరే? వాళ్లు గూడ మూసుకునే ఉంటరు గద."

గోదావరికి నవ్వొచ్చింది. నవ్వుతూనే రూతమ్మ నడుము చుట్టూ చెయ్యేసి మొదటి మెట్టు ఎక్కించింది.

రూతమ్మ కుడిచెయ్యి పడిపోయి నాలుగు నెలలు. కుడికాలు కొంచెం కొంచెం కదులుతుంది గానీ మెట్టు ఎక్కాలంటే పక్కన మనిషి ఉండాలి. మొగుడు దాసు నిజామాబాద్‌లో ఒక గోదాముకు కాపలా. ఆదివారం డ్యూటీ దిగి బోధన్ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పోయిన వారం ఒక్కతే పోయి, మూడో మెట్టుమీద పడి, మోచెయ్యి గీరుకుని ఇంటికొచ్చింది. ఆ గీరిన చోట పసుపు అద్దుతూ పక్కింటి గోదావరే అన్నది, "వచ్చే ఐతారం నేనొస్త తియ్యి" అని. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

లోపల ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. సున్నం వాసన, మల్లెపూల వాసన, పిల్లల పౌడరు వాసన. ఒకాయన డోలక్ వాయిస్తుంటే ముందు వరుసలోని ఆడపిల్లలు పాట ఎత్తుకున్నారు. ఆ రాగం గోదావరికి ఎక్కడో విన్నట్టే ఉంది. నాట్లేసేటప్పుడు కూలోళ్లు పాడే పాటలాగ ఉంది. మాట తెలియకపోయినా పల్లవి మూడోసారి వచ్చేసరికి పెదవులు కదిలాయి. రూతమ్మ పాడుతోంది. ఇన్నేండ్లు పక్కన కూర్చుని బీడీలు చుట్టినా రూతమ్మకు ఇంత గొంతు ఉందని గోదావరికి తెలియదు.

పాస్టరు ముసలాయన. మెల్లగా, ఎవరినీ అదిలించకుండా మాట్లాడాడు. గోదావరికి కష్టమైందల్లా చేతులు ఖాళీగా పెట్టుకోవడం. ఒళ్లో చాట లేకుండా అంతసేపు ఎన్నడూ కూర్చోలేదు. తెలియకుండానే కొంగు అంచును రెండు చూపుడువేళ్ల మధ్య దొర్లిస్తూ, చివర మడుస్తూ ఉంది. పక్కన కూర్చున్న గ్రేస్ అనే టీచరమ్మ అది చూసి చిన్నగా నవ్వింది.

పాస్టరు వాక్యం చెప్పడం అయ్యాక సంఘ కార్యదర్శి విజయ్ పాల్ మైకు దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. "ఈ రోజు మొదటిసారి మన మధ్యకు వచ్చినవాళ్లు దయచేసి లేచి నిలబడండి."

గోదావరి కదల్లేదు. తలలన్నీ ఇటు తిరిగాయి. రూతమ్మ మోచేత్తో పొడిచింది. "లేవే. పేరు చెప్తే అయిపోతది."

"గోదావరి," అన్నది నిలబడి. "పోచమ్మ గల్లీ."

చప్పట్లు కొట్టారు. విజయ్ పాల్ ఫోను ఎత్తి ఫొటో తీశాడు. ఒక పిల్ల వచ్చి లడ్డూ పొట్లం చేతిలో పెట్టింది. పెండ్లికి పోతే చేసే మర్యాద లాగానే ఉంది, గోదావరికి అందులో తప్పేమీ కనపడలేదు. ఆటోలో రూతమ్మ "ఎట్లున్నదే?" అని అడిగితే, "పాటలు మంచిగున్నయి. ఉత్త చేతులతోని కూసునుడే నాతోని గాలే," అన్నది.

మంగళవారం పొద్దున ఇద్దరూ గోదావరి ఇంటి అరుగుమీద చాటలు ముందేసుకున్నారు. పద్దెనిమిదేండ్లుగా అదే అరుగు. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ నీడ పది గంటల దాకా అక్కడ ఉంటుంది. ఇప్పుడు బీడీలు చుట్టేది గోదావరి ఒక్కతే. నానబెట్టిన తునికాకు మీద కొలతకు రేకు ముక్క పెట్టి కత్తెరతో కత్తిరిస్తుంది. తంబాకు చిటికెడు పోసి, దొర్లించి, మూతి మడిచి, దారం చుట్టి తెంపుతుంది. రూతమ్మ ఎడమచేత్తో ఆకు ఏరుతుంది. చిల్లులున్నవి, ఈనె లావున్నవి పక్కకు తోస్తుంది. మొదట్లో ఆ చేతికి ఆ పని పట్టుబడలేదు. ఒక్కో ఆకు రెండుసార్లు జారిపోయేది. ఇప్పుడు గోదావరి అటు చూడకుండా చెయ్యి చాచినా అందులో మంచి ఆకే పడుతుంది.

మహేందర్ బండి ఆపి దిగాడు. చౌరస్తాలో ఫోన్లు రిపేరు చేస్తాడు, గల్లీ కమిటీలో అన్నీ తనమీదేసుకుని తిరుగుతాడు. గోదావరి చూస్తుండగా పెరిగిన పిల్లగాడే.

"గోదావరక్కా, ఇది నువ్వేనా?"

ఫోనులో ఫొటో. తలమీద కొంగు, సగం తెరిచిన నోరు. పక్కన రూతమ్మ లేదు, కత్తిరించేశారు. కింద రాసింది మహేందరే చదివాడు: "అంధకారం విడిచి ప్రభువు చెంతకు వచ్చిన సహోదరి గోదావరి, పోచమ్మ గల్లీ. అందరూ ప్రార్థించండి."

"అంధకారమంటె ఏంది?"

"చీకటి," అన్నది రూతమ్మ, తలెత్తకుండా.

"మా ఇంట్ల చీకటేడిది?"

"నీకు నవ్వులాటగున్నది అక్కా. బోధన్‌ల ఉన్న గ్రూపులన్నిట్ల తిరుగుతున్నది ఇది. మన గల్లీ పేరు గూడ ఏసిండ్రు సూడు. ఐతారం బోనాలు వెట్టుకొని గిదేం పని? పొద్దుమీకి గుడికాడికి రా. లింబయ్య బాపు రమ్మన్నడు." బండి ఎక్కబోతూ రూతమ్మ వైపు చూశాడు గానీ ఆమెతో ఏమీ అనలేదు.

బండి చప్పుడు మలుపు తిరిగేదాకా రూతమ్మ ఎడమచెయ్యి ఒకే ఆకుమీద ఆగిపోయి ఉంది. "నేను ఏసుమనలే గోదావరీ."

"నువ్వెందుకంటవు? ఆకియ్యి."

సాయంత్రం పోచమ్మ గుడి ముందర ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గుడికి రంగులు వేసేవాళ్లు నిచ్చెన దిగి ఒక పక్కన నిలబడ్డారు. గల్లీ పెద్ద లింబయ్య మెత్తటి మనిషి. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందొచ్చి నిలబడతాడు. ఆయన మాట మీద గల్లీలో ఎవరూ ఎదురు మాట్లాడరు.

"కూసో బిడ్డా," అన్నాడు. "నీ తప్పు ఇందుల ఏం లేదు. అది మాకెర్కనే. నిన్ను తోల్కపోయినోళ్లది తప్పు. ఐతారం నాడు బోనమెత్తుకొని వచ్చినప్పుడు మైకుల గదే మాట చెప్పు. ఏం తెల్వక పోయిన, ఆమె మోసం జేసి తోల్కపోయింది, ఇగ పోను అను. గంతే. ఆ మాట మేము గ్రూపుల ఏస్తం. లొల్లి ఖతం."

"నన్నెవ్వరు తోల్కపోలే బాపు. నేనే ఆమెను తోల్కపోయిన. ఆమెకు కాలు రాదు."

"వాళ్ల సంఘం మనుషులు లేరా ఆమెకు?" అన్నాడు మహేందర్.

"ఉన్నరు. పక్కింట్ల ఉన్నది నేను."

ఎవరో నవ్వబోయి లింబయ్య ముఖం చూసి ఆగిపోయారు. ఆయన కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. "గట్ల తిరగ మాట్లాడకు. ఆ మాట చెప్పకుంటె నీ బోనం వరుసల రావద్దు. రూతమ్మను గూడ అరుగుమీద కూసోబెట్టుడు బందు చెయ్యి. గల్లీ అన్నంక ఒక కట్టుబాటు ఉంటది."

"అరుగు మాది బాపు," అని గోదావరి లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని నడిచింది. పెండ్లయి ఆ గల్లీకి వచ్చిన ఏడాది నుంచి ఒక్క ఆషాఢం కూడా ఆమె బోనం ఆగలేదు. కొడుకు కడుపులో ఉన్నప్పుడు, తొమ్మిదో నెలలో కూడా ఎత్తింది.

ఇంట్లో మొగుడు నర్సన్న అప్పటికే అంతా విని ఉన్నాడు. రైసుమిల్లులో బస్తాలు మోసి వచ్చిన ఒళ్లు, చెవుల్లో ఇంకా తవుడు. "ఒక్క మాట అంటె అయిపోతది గదనే. మైకుల అన్న మాట రేపటికి ఎవ్వరికి యాదుంటది?"

"రూతక్కకు ఉంటది."

నర్సన్న చెంబు తీసుకుని బయట కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

బుధ, గురువారాలు గల్లీ ఎప్పటిలాగే ఉంది, కొంచెం తేడాతో. నల్లా దగ్గర గోదావరి బిందె పెట్టగానే మాటలు ఆగేవి. లింబయ్య భార్య ధనలక్ష్మి మాత్రం "నీళ్లు సన్నగొస్తున్నయే ఇయ్యాల" అని ఒక మాట అని, ఆ అన్నందుకు తనే భయపడ్డట్టు వెనక్కి చూసుకుంది. రూతమ్మ గురువారం రాలేదు. గోదావరే పోయి చెయ్యి పట్టి లేపి, అరుగు దాకా నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది. చాట ముందు పెట్టింది. దారిన పోయేవాళ్లు చూస్తే తనూ వాళ్ల కండ్లలోకి చూసింది.

శుక్రవారం విజయ్ పాల్ వచ్చాడు. అరుగుమీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"సిస్టర్, మీకు జరుగుతున్న హింస మాకు తెలిసింది. మీరు భయపడొద్దు. ఈ ఆదివారం మైకులో మీ సాక్ష్యం చెప్పండి. చీకట్లో ఎట్లా ఉండేవారో, ఇప్పుడెట్లా ఉన్నారో చెప్పండి. అప్పుడు సంఘమంతా మీ వెనక నిలబడుతుంది. మాకు వకీలు కూడా ఉన్నాడు."

"చెప్పకుంటె?"

"చెప్పకపోతే మీరు ఎవరని మేము నిలబడాలి సిస్టర్?"

మంగళవారం లింబయ్య మైకు ఇస్తానన్నాడు, శుక్రవారం ఈయన ఇస్తానంటున్నాడు. గోదావరి బీడీ మూతి మడుస్తూ, "ఆ ఫొటో తీసెయ్యుండ్రి సారు," అన్నది.

"అది సాక్ష్యం సిస్టర్. దేవుని పని. మీకోసం ఎంతకాలంగా ప్రార్థన జరుగుతోందో మీకు తెలియదు." చంకలో ఉన్న నోటుబుక్కు తెరిచి ఒక పేజీ చూపించాడు. "ఇదిగో. తొమ్మిదేండ్లు. గోదావరి, మారుమనసు కొరకు. ఈ పేరు ఇచ్చింది రూతమ్మ సిస్టరే."

రూతమ్మ ఆకులు ఏరడం ఆపింది. విజయ్ పాల్ పోయాడు. గోదావరి చేతిలో బీడీ ఊడిపోయి తంబాకు ఒళ్లో పడింది. దులుపుకోలేదు.

"తొమ్మిదేండ్లా?"

"ఊఁ."

"నా పక్కన గూసొని, నా ఇంట్ల చాయ్ తాగుకుంట, నేను చీకట్లున్న అని రాయించినవా?"

"చీకటని నేను రాయించలే. గది వాళ్ల రాత. నా దేవుడు నిన్ను గూడ సూసుకోవాలె అన్న. ఆ మాట నాకు రాసుడు రాదు. వాళ్లు గిట్ల రాసిండ్రు."

"నన్నొక్క మాట అడిగినవా?"

"అడగలే." రూతమ్మ ముఖం ఎర్రబడింది. తప్పు చేసినదానిలా కాదు, కోపంతో. "నా చెయ్యి పడిపోయిన నాడు, దవాఖానల నేను మాట రాక పండుకొనున్న నాడు, నువ్వు పోచమ్మ కాడికి పోయి ఏం జేసినవ్?"

గోదావరి దారం వేలికి చుట్టుకుంది.

"దాసు చెప్పిండు నాకు. నా పేరు జెప్పి కోడిని మొక్కినవట గద. నన్నడిగినవా?"

"నువ్వు మాట్లాడే తీరున ఉన్నవా అప్పుడు?"

"లేసినంకనన్న అడిగినవా?"

"లేదు."

"మరి?"

గోదావరి ఒళ్లో తంబాకు చూసింది. దాన్ని జాగ్రత్తగా ఏరి చాటలో వేసింది. ఒక్క రవ్వ కూడా పోకుండా ఏరింది. అప్పటిగ్గానీ నవ్వు రాలేదు. ముందు ముక్కుతో వచ్చింది, తర్వాత ఆగలేదు. రూతమ్మ కోపంగానే చూస్తూ చూస్తూ, పడిపోయిన పక్క కదలకుండా, సగం మూతితో నవ్వింది.

"నీ పేరు నేను తీయించ," అన్నది రూతమ్మ.

"నేను గూడ కోడినియ్యక ఇడిసిపెట్ట."

ఆదివారం పొద్దున వాన పట్టింది. చర్చి మెట్లు తడిగా ఉన్నాయి. గోదావరి తన చెప్పులు విడిచి, వంగి రూతమ్మవి కూడా విప్పి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ పైకి తీసుకుపోయింది. తలమీద కొంగు కప్పుకుంది. పాటలప్పుడు నిలబడింది, ప్రార్థనప్పుడు కండ్లు మూసింది. సంచి వస్తే పక్కామెకు ఇచ్చింది.

వాక్యం అయింది. విజయ్ పాల్ మైకు పట్టుకున్నాడు. "మన సహోదరి గోదావరి ఈ ఉదయం తన సాక్ష్యం చెప్తారు. ఎన్నో బెదిరింపుల మధ్య వచ్చారు. చప్పట్లతో ఆహ్వానిద్దాం."

ఆమె ఒప్పుకోలేదని ఆయనకు తెలుసు. అంతమంది ముందు పిలిస్తే కాదనదని అనుకున్నాడు. రూతమ్మ ఎడమచెయ్యి గోదావరి మోకాలి మీద పడింది. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి గోదావరి లేచి, నడుమ దారిలోంచి ముందుకు నడిచింది. మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియక నోటికి ఆనించుకుంది. మొదటి మాట గోడలదాకా పోయి తిరిగొచ్చింది.

"నా పేరు గోదావరి. నేను బీడీలు చేస్త. రూతక్కకు మెట్లెక్కొస్తలేదు, అందుకని తోల్కొచ్చిన. మీ పాటలు మంచిగున్నయి. పాస్టరు సారు మాటలు గూడ మంచిగున్నయి. గని నేను ఏ చీకట్ల లేకుంటి. ఇయ్యాల మాపటికి నేను పోచమ్మకు బోనమెత్తుత. వచ్చే ఐతారం మల్ల ఈమెను పట్టుకొని ఇక్కడికొస్త. రావద్దంటె తలుపుకాడ చెప్పుండ్రి, నేను మెట్లమీద కూసుంట. ఈమె మాత్రం లోపటికి వస్తది. నన్నడగకుంట ఏసిన ఫొటో తీసెయ్యుండ్రి. గంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాన చప్పుడు మాత్రం రేకులమీద ఉంది. విజయ్ పాల్ మైకు కోసం చెయ్యి చాపాడు. ఆ చేతిలో కాకుండా గోదావరి పోయి పాస్టరు ముందున్న బల్లమీద పెట్టింది. పాస్టరు దాని మీదికి వంగి, ఆఫ్ చేశాననుకుని మెల్లగా అన్నాడు.

"విజయ్, ఆ ఫొటో తీసెయ్. ఇప్పుడే."

ఆ మాట సంఘమంతా విన్నది. పాస్టరు ఉలిక్కిపడి మైకు వైపు చూశాడు, తర్వాత దాన్ని ఆఫ్ చెయ్యకుండానే నిటారుగా నిలబడ్డాడు. "కూర్చో తల్లీ," అన్నాడు. "ఇక్కడ కూర్చోవడానికి ఎవరూ ఏమీ కానక్కర్లేదు." గోదావరి తిరిగొచ్చేసరికి ఆమె చోటు ఖాళీగా లేదు. గ్రేస్ టీచరమ్మ జరిగి రూతమ్మ పక్కన కూర్చుని, ఆమె పడిపోయిన చేతిని తన ఒళ్లో పెట్టుకుని ఉంది. గోదావరిని చూసి ఇంకొంచెం జరిగింది.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. గోదావరి కొత్త కుండకు పసుపు పూసి, సున్నపు బొట్లు పెట్టి, బెల్లపన్నం వండి నింపింది. వేపమండలు చుట్టి పైన దీపం పెట్టింది. నర్సన్న కోడిని చంకలో పెట్టుకుని బయటికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు రాకున్నా ఏం గాదు," అన్నది.

"కోడిని ఎవరు పట్టుకుంటరు?" అన్నాడు నర్సన్న.

డప్పులు ముందు నడిచాయి. పోచమ్మ గుడికి పోయే సందు ఇరుకు, ఒక బోనం వెనక ఒక బోనమే పడుతుంది. గోదావరి నాలుగో మనిషి. ఆమె వెనక ధనలక్ష్మి, ఆ వెనక ఇరవై ముప్పై మంది. ముందున్న ముగ్గురూ గుడి ముందరికి దాటారు. మహేందర్ సందు మొగదల అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో మైకు. లింబయ్య అవతల గుడి అరుగుమీద కూర్చుని ఉన్నాడు.

"అక్కా, మాట చెప్పి పో," మహేందర్ మైకు ముందుకు చాచాడు.

గోదావరి ఒక చేత్తో కుండ పట్టుకుని, ఇంకో చేత్తో మైకు అందుకుంది.

"పొద్దుగాల చర్చికి పోయిన. వచ్చే ఐతారం గూడ పోత. నన్నెవ్వరు మోసం జెయ్యలే. ఇంతకన్న నా తాన మాట లేదు. బోనం దించుమంటె గీ సందులనే దించుత. పోచమ్మకు నేనెర్కనే. ఆకలైతే గీడికే వచ్చి తింటది."

డప్పులు ఆగాయి. మహేందర్ లింబయ్య వైపు చూశాడు. లింబయ్య కండువా సర్దుకున్నాడు గానీ లేవలేదు. గోదావరి వెనక్కి తిరగలేదు, ముందుకు జరగలేదు. నర్సన్న ఆమె పక్క గోడకు ఆనుకుని, కోడి రెక్కలు కొట్టుకోకుండా అదిమి పట్టుకుని నిలబడ్డాడు. సందు పొడుగునా కుండలు ఆగిపోయాయి. చినుకులు మళ్లీ మొదలయ్యాయి. దీపాలు ఆరకుండా ఆడవాళ్లు ఒక్కో చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మెడలు బరువెక్కుతున్నాయి. వెనక ఎవరో "ఆమెను పక్కకు జరగమనుండ్రి, మేము పోతం" అన్నారు. పక్కకు జరగడానికి చోటు లేదు. ఉన్నా కూడా ధనలక్ష్మి కదల్లేదు. కండ్లమీదికి కారుతున్న పసుపు నీళ్లను భుజంతో తుడుచుకుంది.

"ఓ మహేందరూ," అన్నది గట్టిగా. గల్లీలో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ విన్లేదు. "నా మెడలు గుంజుతున్నయి. నీకు మాట కావాల్నా, బోనం కావాల్నా? ఆమె ముంగటికి పోకుండ నేను పోను. నా బోనం గూడ గీడ్నే దించుత. అమ్మకు ఏం జెప్పుకుంటవో నువ్వే చెప్పుకో."

మహేందర్ మళ్లీ అరుగు వైపు చూశాడు. లింబయ్య తన భార్య వైపు చూస్తున్నాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని డప్పులవాళ్లకు చెయ్యి ఊపాడు. డప్పు మోగింది. మహేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు, ఆ ఒక్క అడుగు సందు చాలింది. గోదావరి మైకు అతని చేతిలో పెట్టి గుడి ముందరికి నడిచింది.

చీకటి పడ్డాక రూతమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. గోదావరి పళ్లెంలో అన్నం తెచ్చి ముందు పెట్టింది. "అమ్మకు పెట్టింది గాదు. ముందే పక్కకు తీసిపెట్టిన. తిను."

రూతమ్మ ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. గుడి దగ్గర మైకు ఇంకా మోగుతోంది. ఈ యేడు బోనాలు సమర్పించిన ఆడపడుచుల పేర్లు మహేందర్ చదువుతున్నాడు. ధనలక్ష్మి పేరు వచ్చింది, ఆమె వెనక వాళ్ల పేర్లు వచ్చాయి, గల్లీ చివరి ఇంటి కొత్తకోడలు పేరు కూడా వచ్చింది. తర్వాత అన్నదానానికి ఇచ్చినవాళ్ల పేర్లు మొదలయ్యాయి. గోదావరి పేరు రాలేదు.

"సదవలే," అన్నది రూతమ్మ.

"సదవకుంటె సదవకపోనీ. నా పేరు నాకెర్కలేదా?" తడిసిన జుట్టు విప్పి విదిలించుకుంటూ అన్నది గోదావరి.

రూతమ్మ రెండు చెంచాలు తిన్నది. "గోదావరీ!" అని పిలిచింది, గల్లీ అంతా వినేంత గట్టిగా. పాటలప్పుడు పెట్టే గొంతు.

"ఏందే? పక్కనే ఉన్న గద."

"ఏం లేదు. వాడు ఇడిసిపెట్టిండు గద. నేను సదివిన." చెంచా పళ్లెంలో పెట్టి, ఖాళీ అయిన చోటు చూపించింది. "ఇంకింత వెయ్యి."